శంఖంలో పోస్తేనే తీర్థమా?

(వాడ చరిత్ర - 11వ భాగం)



పోయిన నెల మా పెద్దనాయన చనిపోయాడు. ఫలక్‌నుమా రైల్వే స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, రెండు గదుల అద్దె ఇంట్లో. పొద్దున్నే పాలమూరు లైను బండిలో షాద్‌నగర్ అవతలి మా ఊరి నుంచి చుట్టాలు దిగారు. వాళ్లలో మా చిన్నాయన ఒకరు. ఆయన చంకలో ఒక సంచి. సంచిలో పాత పంచె గుడ్డలో చుట్టిన మా తాత శంకు.

శవాన్ని బయటికి తెచ్చి పడుకోబెట్టాక చిన్నాయన శంకు తీసి ఊదాడు. ఒకసారి ఊదాడు. రెండోసారి ఊదాడు. మూడోసారి ఊదబోతుంటే ఇంటి ఓనర్ నా దగ్గరికి వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. "సార్, ఏమనుకోకుండ్రి. గా శంఖం ఒక్కటి ఆపమనుండ్రి. పొద్దుగాల పొద్దుగాల అపశకునం. పైన పిల్లలున్నరు, భయపడ్తరు."

అప్పటికి గంట కిందటే వీధి చివరి గుడి మైకులోంచి శంఖం మోగింది. రోజూ మోగుతుంది. అది రికార్డు చేసిన శంఖం. దానికి ఏ పిల్లలూ భయపడరు.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినవాణ్ని. క్లాసులో గంటలు గంటలు మాట్లాడతాను. ఆ రోజు నోట మాట రాలేదు. చిన్నాయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన శంకును మళ్లీ గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. మూడోసారి ఊదకుండానే మా పెద్దనాయన పాడె లేచింది.

ఈ భాగం ఆ ఊదని మూడో శంఖం గురించి.

*

మన భాషలో ఒక సామెత ఉంది: శంఖంలో పోస్తేగానీ తీర్థం కాదు. మనందరం వాడుతుంటాం. ఎంత మంచి మాటైనా చెప్పాల్సినవాడు చెప్తేనే చెల్లుతుంది అనే అర్థంలో వాడతాం. కానీ ఒక్కసారి ఆగి ఆలోచించండి. నీళ్లు అవే. బిందెలో ఉన్నప్పుడు నీళ్లు, శంఖంలో పడ్డాక తీర్థం. మరి శంఖం ఎవరి చేతిలో ఉన్నా తీర్థమేనా? మా తాత శంకులో పోసిన నీళ్లను ఊళ్లో ఎవరైనా తీర్థం అని తాగారా? ఈ ప్రశ్నను సామెత అడగదు. మనం అడగాలి.

ముందు అసలు శంఖం ఏమిటో చూద్దాం. పెద్దనాయన పోయిన వారం తర్వాత కాలేజీలో ఈ విషయం క్లాసులో ప్రస్తావించాను. జువాలజీ చదివే ఒక ముస్లిం అమ్మాయి లేచి, "సార్, అది నత్త ఇల్లు కదా, నత్త చచ్చిపోతేనే కదా మనకు దొరికేది?" అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ అమ్మాయి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

మన గుళ్లలో ఊదే శంఖం ఒక సముద్రపు నత్త గుల్ల. శాస్త్రీయ నామం టర్బినెల్లా పైరమ్. ఇసుక నేలల్లో పురుగుల్ని తిని బతికే మాంసాహారి. తమిళనాడుకూ శ్రీలంకకూ మధ్య ఉన్న మన్నార్ సింధుశాఖ దానికి పుట్టిల్లు. దాన్ని పైకి తేవాలంటే ఎవరో ఒకరు ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకు మునగాలి. పాత రోజుల్లో కాలికి రాయి కట్టిన తాడు ఆసరాతో దిగేవాళ్లు. పైకి తెచ్చాక లోపలి మాంసం తీసేయాలి, కుళ్లిన వాసన భరించాలి, కడగాలి, కొన కోయాలి. ఇదంతా అయ్యాకే అది గుడి మెట్లు ఎక్కుతుంది.

మునిగింది ఎవరు? తూత్తుకుడి తీరపు పరవలు. వాళ్లు 1530లలో పోర్చుగీసు వాళ్ల కాలంలో మూకుమ్మడిగా క్రైస్తవులయ్యారు. ఫ్రాన్సిస్ జేవియర్ 1542లో వచ్చి పనిచేసింది వాళ్ల మధ్యే. ఇంకా ఎవరు? కీళక్కరై ముస్లింలు. శంఖం వేటలోనూ వ్యాపారంలోనూ వాళ్ల పేరు పాతది. మద్రాసు ప్రెసిడెన్సీలో శంఖాల వేట ప్రభుత్వ గుత్తాధిపత్యంలో నడిచింది. ఆ ప్రభుత్వపు మత్స్య శాఖలో పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1914లో భారతదేశపు పవిత్ర శంఖం మీద ఒక పూర్తి గ్రంథమే రాశాడు. అక్కడి సరుకు ఓడల్లో బెంగాల్ వెళ్లేది. ఢాకాలోని శాంఖారీ బజార్‌లో శాంఖారీ కులస్తులు అర్ధచంద్రాకారపు పెద్ద రంపాలతో, కాళ్ల మధ్య గుల్లను బిగించి పట్టుకుని, చేత్తో కోసి గాజులు చేసేవాళ్లు. పెళ్లయిన బెంగాలీ హిందూ స్త్రీ చేతికి ఆ తెల్ల గాజులు. భర్త చనిపోతే వాటిని పగలగొడతారు.

అంటే ఒక క్రైస్తవుడో ముస్లిమో ఊపిరి బిగబట్టి తెచ్చిన గుల్ల, ఒక చేతివృత్తుల కులం ఒళ్లు హూనం చేసుకుని చెక్కిన గుల్ల, గర్భగుడి దగ్గరికి వచ్చేసరికి "పవిత్రం" అయింది. తెచ్చినవాడి చేతులు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఇదంతా చెప్పాక క్లాసులో ఆ అమ్మాయి పక్కనున్న స్నేహితురాలితో గుసగుసగా, "అంటే మనోళ్లు తెచ్చిందేనా?" అంది. అవునమ్మా, మీవాళ్లూ తెచ్చారు, మావాళ్లూ ఊదారు.

*

శంఖం ఏ ఒక్క మతం సొత్తూ కాదు. ఇది నా ఆవేశం కొద్దీ చెబుతున్న మాట కాదు, తవ్వకాలు చెబుతున్న మాట.

ఫ్రాన్స్‌లో పిరెనీస్ కొండల దగ్గర మార్సూలాస్ అనే గుహ ఉంది. 1931లో అక్కడ ఒక పెద్ద సముద్రపు గుల్ల దొరికింది. నీళ్లు తాగే గిన్నె అనుకుని మ్యూజియంలో పెట్టేశారు. తొంభై ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే దాని కొనను మనుషులు కావాలనే విరగ్గొట్టి ఊదడానికి వీలుగా చేశారని తేలింది. లోపల ఎర్రరంగు చుక్కల గుర్తులు కూడా ఉన్నాయి. వయసు దాదాపు 18,000 ఏళ్లు. 2021లో ఆ పరిశోధన ప్రచురించినప్పుడు ఒక సంగీతకారుడి చేత దాన్ని ఊదించారు. మూడు స్వరాలు పలికింది. అప్పటికి ఏ దేవుడి పేరూ పుట్టలేదు, ఏ కులం పేరూ పుట్టలేదు.

పెరూలో చావిన్ దె వాంతర్ అనే కొండ కట్టడంలో 2001లో ఒకే గదిలో 20 శంఖాలు బయటపడ్డాయి. జపాన్‌లో కొండల్లో తిరిగే యమబుషి సాధువులు "హొరగాయి" అనే శంఖం ఊదుతారు. టిబెట్ బౌద్ధ మఠాల్లో తెల్ల శంఖం ఎనిమిది మంగళ చిహ్నాల్లో ఒకటి. హవాయిలో, ఫిజీలో ఊరి జనాన్ని పిలవడానికి శంఖమే. మన సింధు నాగరికతలో నాలుగున్నర వేల ఏళ్ల కిందటే గుజరాత్‌లోని నాగేశ్వర్‌లో శంఖాలు కోసి గాజులు చేసే పనివాళ్ల ఊరు ఉండేది. హరప్పా సమాధుల్లో ఆడవాళ్ల చేతులకు శంఖు గాజులు దొరికాయి. వేదాలకు ముందే మన ఆడవాళ్ల చేతికి శంఖం ఉంది. గుర్తుపెట్టుకోండి.

పురాణాల్లోకి వస్తే కథ మారుతుంది. కృష్ణుడి పాంచజన్యం ఎక్కడిది? సముద్రంలో ఉన్న పంచజనుడు అనే అసురుణ్ని చంపి తెచ్చుకున్నది. మరి లోకంలో ఉన్న మిగతా శంఖాలు? శంఖచూడుడు అనే అసురుణ్ని శివుడు చంపితే అతని ఎముకల నుంచి పుట్టాయని పురాణం. అతని భార్య తులసి. ఆమెను విష్ణువు భర్త రూపంలో వచ్చి మోసం చేశాడని కూడా అదే పురాణం చెబుతుంది. చంపినవాళ్ల చేతిలో చచ్చినవాడి ఎముక వాద్యమైంది. మోసపోయిన ఆడమనిషి పెరట్లో మొక్కయింది. పూజ రెండింటికీ జరుగుతుంది. ఆ కథను మనవైపు నుంచి చదవడం మాత్రం మనకెవరూ నేర్పలేదు.

*

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి.

నా పరిశోధన ప్రబంధ సాహిత్యం మీద. నాయిక మెడను శంఖంతో పోల్చడం మన కవులకు మహా ఇష్టం. కంబుకంఠి అంటారు. కంబువు అంటే శంఖం. నా సిద్ధాంత గ్రంథంలో ఇలాంటి వర్ణనలు ఎక్కడెక్కడ ఉన్నాయో పట్టిక వేశాను. వైవాలో ఒక పెద్దాయన ఆ పట్టికను మెచ్చుకున్నాడు కూడా. రాజకుమార్తెల మెడల మీద శంఖాలన్నీ లెక్కపెట్టాను. మా తాత మెడలో దారానికి వేలాడిన శంకును మాత్రం ఎక్కడా రాయలేదు.

మా తాత మాల దాసరి. మాలవాడలో చావుకు, దినాలకు, పెళ్లికి కావలసిన మనిషి. ఒక చేతిలో జేగంట, మెడలో శంకు, దీపపు సెమ్మె, తంబుర. ఎడ్గార్ థర్స్టన్ 1909లో దక్షిణాది కులాల మీద తెచ్చిన ఏడు సంపుటాల్లో దాసరుల దగ్గర ఉండే వస్తువుల్లో శంకు, జేగంట, దీపపు సెమ్మె ఉన్నాయని చెప్పాడు. లైబ్రరీలో ఆ పేజీ మొదటిసారి చూసినప్పుడు మా ఇంటి మూలనున్న చెక్కపెట్టెను ఎవరో తెరిచి చూపించినట్టు అనిపించింది. అయినా నా గ్రంథంలో "దాసరులు అనబడే భిక్షుక గాయకులు" అని ఒక వాక్యం రాసి వదిలేశాను. మా తాత అని రాయలేకపోయాను. యూనివర్సిటీ హాస్టల్లో కులం చెప్పుకోవడమే కష్టమైనప్పుడు, చావు శంకు ఊదేవాడి మనవణ్ని అని ఎలా చెప్పుకుంటాం?

తెలంగాణలోని 59 షెడ్యూల్డు కులాల జాబితా తీసి చూడండి. మాల దాసరి, మాల దాసు, హొలెయ దాసరి, మాదిగ దాసు, మాల జంగం, మిత అయ్యల్వార్. ఒక్కో పేరూ ఒక్కో చరిత్ర. ఊరి గుడి పూజారి వాడకు రాడు. కాబట్టి వాడ తన పూజారిని తానే తయారు చేసుకుంది. వైష్ణవం పట్టుకున్న ఇళ్లకు దాసరి, శైవం పట్టుకున్న ఇళ్లకు జంగం. ఇద్దరి చేతిలోనూ శంఖమే. పల్నాటి వీరుల్లో మాల కన్నమదాసు పేరు చివర ఉన్న "దాసు" కూడా ఈ వరసలోదే.

మా తాత భుజాల మీద ముద్రలుండేవి. కాల్చి వేసిన ముద్రలు. కుడి భుజం మీద చక్రం, ఎడమ భుజం మీద శంఖం. చిన్నప్పుడు ఆయన ఒళ్లో కూర్చుని ఆ గుంటల్ని వేలితో తడిమేవాణ్ని. "నొప్పి లేసిందా తాతా?" అంటే, "లేసింది బిడ్డా. దేవుని ముద్ర గద, ఓర్సుకున్న" అనేవాడు. దేవుడి శంఖాన్ని చర్మం మీద కాల్చుకున్న మనిషి, మా ఊరి దేవుడి గుడి గడప జీవితంలో దాటలేదు. ఉత్సవం వస్తే బయట రావిచెట్టు కింద నిలబడి శంకు ఊదేవాడు. లోపల అయ్యగారు ఊదేవాడు. రెండు శంఖాల మధ్య ఒక గోడ.

విద్యార్థులు సిలబస్‌లో ఆముక్తమాల్యద చదివే ఉంటారు. అందులో మాలదాసరి కథ ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దంలో రాసింది. తెల్లవారకముందే గుడికి వెళ్లి పాడే మాలదాసరిని దారిలో బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటాడు. "పాడి వచ్చాక తిను" అని మాటిచ్చి, వెళ్లి పాడి, నిజంగానే తిరిగి వస్తాడు దాసరి. చివరికి తన పాట ఫలం ధారపోసి రాక్షసుణ్ని విడిపిస్తాడు. ఆ రాక్షసుడు పూర్వజన్మలో బ్రాహ్మణుడు. క్లాసుల్లో దీన్ని సత్యసంధతకు ఉదాహరణగా చెప్పి వదిలేస్తాం. నేనూ అలాగే చెప్పాను చాలా ఏళ్లు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. బ్రాహ్మణుడి జన్మను బాగుచేసేంత బలం ఉన్న పాట, పాడినవాడికి గుడి తలుపు ఎందుకు తెరవలేకపోయింది? మాలదాసరి గొప్పతనాన్ని కావ్యం ఒప్పుకుంది. అతని చోటును మాత్రం మార్చలేదు. మెచ్చుకుని బయటే నిలబెట్టడం అనేది మనకు బాగా తెలిసిన మర్యాదే కదా.

*

మన హైదరాబాద్ నగరంలోనే ఈ మర్యాదను ప్రశ్నించినవాళ్లున్నారు. భాగ్యరెడ్డి వర్మ (1888-1939) 1906లో జగన్మిత్ర మండలి పెట్టినప్పుడు జనం దగ్గరికి వెళ్లడానికి ఎంచుకున్న దారి హరికథ. చదువు రాని వాడకు పుస్తకం పనికిరాదు, కథ పనికొస్తుంది. కథ చెప్పి జనాన్ని కూర్చోబెట్టే విద్య వాడలో దాసరులకు తరతరాలుగా ఉన్నదే. ఆ విద్యను తాగుడుకు, జోగిని ఆచారానికి, మూఢత్వానికి వ్యతిరేకంగా తిప్పిన ఘనత ఆయనది. 1910లో ఇసామియా బజార్‌లో మన పిల్లలకు బడి పెట్టాడు. 1913 నుంచి బుద్ధ జయంతి జరిపాడు.

1917 నవంబర్‌లో బెజవాడలో పంచమ మహాసభ జరిగింది. అధ్యక్షుడు ఆయనే. పంచములం కాదు, ఈ నేల ఆదివాసులం, ఆది ఆంధ్రులం అని ఆ సభ ప్రకటించింది. సభకు వచ్చినవాళ్లు ఎక్కడ గుడిలోకి వస్తారోనని కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. ఆ సభ తన పేరు తాను పెట్టుకుంది. తలుపులు భయపడ్డాయి. ఇవాళ ప్రతి పార్టీ ఎన్నికల సభకు "శంఖారావం" అని పేరు పెడుతుంది. ఫ్లెక్సీల మీద నాయకుడి చేతిలో శంఖం. నాకు తెలిసిన అసలైన శంఖారావం 1917 బెజవాడది. అక్కడ ఎవరూ శంఖం ఊదనక్కర్లేకపోయింది.

శంఖం నిజంగానే ఊదిన చోటు ఒకటుంది. కరీబియన్ దీవుల్లో చెరకు తోటలు. ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చిన బానిసల్ని తెల్లవారుజామున పనికి లేపడానికి తోటల మీద శంఖం ఊదేవాళ్లు. తిండికి విడిచేటప్పుడూ శంఖమే. యజమాని గడియారం అది. 1791 ఆగస్టులో హైతీలో బానిసలు తిరగబడ్డప్పుడు, ఒక తోట నుంచి ఇంకో తోటకు కబురు పంపడానికి అదే శంఖాన్ని వాడుకున్నారు. వాళ్ల భాషలో దాని పేరు లాంబీ. 1804 జనవరి 1న హైతీ స్వతంత్రమైంది. దాని రాజధాని పోర్టోప్రిన్స్‌లో ఒక కంచు విగ్రహం ఉంది. మోకాలి మీద వంగిన నల్ల మనిషి. ఒక కాలికి తెగిన గొలుసు, ఒక చేతిలో కత్తి, ఇంకో చేత్తో పెదాలకు ఆనించిన శంఖం, తల ఆకాశం వైపు. ఆ విగ్రహం ఫొటో చూసినప్పుడల్లా నాకు రావిచెట్టు కింద మా తాత కనిపిస్తాడు. ఆయన కాలి గొలుసు మాత్రం తెగలేదు.

*

బౌద్ధ వాఙ్మయంలో ఒక కథ ఉంది. దీఘ నికాయంలో పాయాసి సుత్తంలోది. నా మాటల్లో చెబుతాను.

ఒక శంఖం ఊదేవాడు ఎక్కడో సరిహద్దు పల్లెకు వెళ్లాడు. ఊరి నడుమ నిలబడి మూడుసార్లు ఊది, శంఖాన్ని కింద పెట్టి పక్కన కూర్చున్నాడు. జనం ఎన్నడూ శంఖం చూసినవాళ్లు కాదు. "ఇంత మంచి చప్పుడు ఎవరిది?" అని పరుగెత్తుకొచ్చారు. "ఇదిగో, ఈ శంఖానిది" అన్నాడు. వాళ్లు శంఖాన్ని వెల్లకిలా వేశారు, బోర్లా వేశారు, నిలబెట్టారు. "పలుకు శంఖమా, పలుకు" అన్నారు. చేత్తో కొట్టారు, కర్రతో కొట్టారు. పలకలేదు. అప్పుడతను లేచి, శంఖం తీసుకుని, మళ్లీ మూడుసార్లు ఊది, తన దారిన పోయాడు. అప్పటికి వాళ్లకు అర్థమైంది. మనిషి ఉండాలి, ప్రయత్నం ఉండాలి, గాలి ఉండాలి. అప్పుడే శంఖం పలుకుతుంది.

భౌతికశాస్త్రం చెప్పేదీ ఇదే. శంఖంలో మంత్రం ఏమీ లేదు. ఊదేవాడి పెదాలు అదురుతాయి. ఆ అదురు మెలికలు తిరిగి వెడల్పయ్యే గొట్టంలోంచి పెద్దదై బయటికి వస్తుంది. పూజారి పెదవికీ దాసరి పెదవికీ శంఖానికి తేడా తెలియదు. తేడా వినేవాడి చెవిలో ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటాం. ఈ దేశంలో చాలా చెవులు చెవిటివి కావు. ఏ శంఖాన్ని వినాలో, దేన్ని వినకూడదో ముందే నిర్ణయించుకున్న చెవులు. గుడి శంఖం మంగళం, వాడ శంకు అపశకునం. వస్తువు ఒకటే, గాలి ఒకటే, మారింది ఊదినవాడి కులం.

మిత్రుల్లో కొందరు అడుగుతారని తెలుసు. "సార్, చావుకు శంకు ఊదడం కూడా వాళ్లు మన నెత్తిన పెట్టిన పనే కదా? డప్పు లాగా దాన్నీ వదిలేయాలి కదా?" సరైన ప్రశ్న. ఊరివాళ్ల చావులకు వెట్టిగా ఊదమంటే ఊదకూడదు. అందులో రెండో మాట లేదు. కానీ మా పెద్దనాయన చావు ఊరి వెట్టి కాదు. మావాళ్లు మావాణ్ని సాగనంపుకున్న మర్యాద అది. ఏది వదలాలో, ఏది ఉంచుకోవాలో మనం నిర్ణయించుకోవాలి. ఇంటి ఓనర్ అపశకునం అన్నాడని వదిలేయడం మాత్రం వదలడం కాదు, మూయించడం. ఆ రోజు నేను తల దించుకుని చేసింది అదే.

దినాల రోజుకు నాలుగు రోజుల ముందు చిన్నాయనకు ఫోన్ చేసి శంకు తెమ్మన్నాను. ఓనర్ దగ్గరికి వెళ్లి, "దినాల నాడు పొద్దున మూడుసార్లు శంకు ఊదుతం, మీకు ఎరుక చేస్తున్న" అన్నాను. అనుమతి అడగలేదు. ఆయన కాసేపు నా ముఖం చూసి, "మీ ఇష్టం సార్" అన్నాడు. ఇష్టంగా అనలేదు. అయినా అన్నాడు.

ముందురోజు రాత్రి డాబా మీద చిన్నాయన నాకు నేర్పబోయాడు. ఎంత ఊదినా తుస్సుమని గాలే. ఎదురింటి డాబా మీద ఉన్న ముస్లిం పిల్లలు పడీపడీ నవ్వారు. దూరంగా గుట్ట మీద ఫలక్‌నుమా ప్యాలెస్ దీపాలు. "నోటితోని కాదు బిడ్డా, పొట్టలకెళ్లి రావాలె" అన్నాడు చిన్నాయన. "మీ తాత పస్తులున్న నాడు గూడ ఊదిండు. ఖాళీ పొట్టలకెళ్లి గూడ వస్తది."

పొద్దున ఆయనే ఊదాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

పై అంతస్తు పిల్లలు కిటికీ దగ్గరికి వచ్చారు. భయపడలేదు. చూశారు.

నా సిద్ధాంత గ్రంథం పుస్తకంగా అచ్చు వేయాలని ఒక మిత్రుడు అడుగుతున్నాడు. వేస్తే ఆ ఒక్క వాక్యం మారుస్తాను. "దాసరులు అనబడే భిక్షుక గాయకులు" అన్నచోట "మా తాత" అని రాస్తాను. మీలో ఎవరి ఇంటి మూలనైనా ఇలాంటి శంకో, జేగంటో, డప్పో, కిన్నెరో ఉంటే దుమ్ము దులపండి. అది ఎవరిదో, ఎవరి చావుకు ఎవరి పెళ్లికి మోగిందో మీ ఇంటి పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టుకోండి. మన చరిత్ర చాలావరకు ఆర్కైవుల్లో లేదు, పాత గుడ్డలో చుట్టి సంచిలో ఉంది.

వచ్చే భాగంలో జేగంట గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.